పాత పెట్టె, కొత్త వెలుగు: టెలివిజన్ చరిత్రలో ఒక ప్రశ్న



ఈ పాఠాన్ని ఒక ఊరి దారితో మొదలుపెడదాం. ములుగు జిల్లా ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి, వాజేడు మీదుగా ఉత్తరానికి పోతే తార్లగూడ వస్తుంది. అక్కడ తెలంగాణ ముగిసి ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. మరికొంత దూరం పోతే భోపాలపట్నం. ఆపైన బీజాపూర్ పట్టణం. ఇది కర్ణాటకలోని బీజాపూర్ కాదు. ఆ ఊరి పేరు 2014లో విజయపురగా మారింది. మనం చెప్పుకునేది బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్. ఇది 2007లో దంతెవాడ నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. ఇక్కడ గోండి, దోర్లీ, హల్బీ, హిందీ వినిపిస్తాయి. దక్షిణాన భోపాలపట్నం వైపు తెలుగు కూడా ఇంటి మాటే. మిరప కోతల కాలంలో ఇక్కడి నుంచి ఎన్నో కుటుంబాలు గోదావరి దాటి తెలంగాణ పొలాలకు వస్తాయి.

కొంతకాలం కిందట ఆ వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు ప్రయోగాలు చూపించడానికి వెళ్లాను. హాల్లో ఒక పెద్ద స్మార్ట్ టీవీ ఉంది. ఎవరో దాత ఇచ్చినది, కొని చాలా ఏళ్లయింది. దానికి ఒక చిన్న పెట్టె తగిలించి పిల్లలు అడవి జంతువుల మీద తీసిన ఒక చిత్రం చూస్తున్నారు. బొమ్మలో ఏదో లోపం ఉంది. మబ్బులు తెల్లగా లేవు, ఆకులు పచ్చగా లేవు. అంతా పలచగా, మసకగా ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది:

"సార్, ఇదే బొమ్మ మా అన్న ఫోనులో మెరిసిపోతది. ఈ టీవీలో బూడిద పూసినట్టు ఎందుకుంది? టీవీ పాడైందా?"

టీవీ పాడు కాలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే చెప్పాను. కానీ పూర్తి జవాబు చెప్పాలంటే డెబ్బై ఏళ్ల చరిత్ర చెప్పాలి. ఎందుకంటే టెలివిజన్ పుట్టినప్పటి నుంచి ఇంజనీర్ల ముందు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ నిలిచింది: కొత్త ప్రసారం వచ్చినప్పుడు ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత పెట్టె ఏమవుతుంది? ఈ ప్రశ్నకు చరిత్ర మూడు జవాబులు చెప్పింది. ఆ మూడింటినీ వరుసగా చూద్దాం.

మొదటి ప్రయత్నం: పాత పెట్టెను మరచిన రంగులు

1950 నాటికి అమెరికాలో నలుపు తెలుపు టెలివిజన్ బాగా వ్యాపించింది. ఆ ఏడాది అక్టోబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఒక రంగుల పద్ధతికి అనుమతి ఇచ్చింది. దాన్ని రూపొందించినవాడు సీబీఎస్ సంస్థ ఇంజనీరు పీటర్ గోల్డ్‌మార్క్. కెమెరా ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజులున్న చక్రం తిరుగుతుంది. టీవీ తెర ముందు కూడా అలాంటి చక్రమే అదే వేగంతో తిరుగుతుంది. మూడు రంగుల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి చకచకా వస్తే మన కన్ను వాటిని కలిపి ఒక రంగుల బొమ్మగా చూస్తుంది. రంగులు బాగానే వచ్చేవి.

చిక్కు వేరే చోట ఉంది. నలుపు తెలుపు టీవీలు 525 గీతలతో, సెకనుకు 60 క్షేత్రాలతో బొమ్మ గీసేవి. కొత్త పద్ధతిలో 405 గీతలు, సెకనుకు 144 క్షేత్రాలు. అంటే లయే వేరు. అప్పటికి జనం ఇళ్లలో ఉన్న సుమారు కోటి టీవీల్లో ఏ ఒక్కటీ ఈ ప్రసారాన్ని పట్టలేదు. 1951 జూన్ 25న మొదటి వాణిజ్య ప్రసారం జరిగినప్పుడు ప్రత్యేక పరికరం లేనివాళ్లకు బొమ్మే కనిపించలేదు. చూసేవాళ్లు లేని ప్రసారానికి ప్రకటనలు ఎవరిస్తారు? అదే ఏడాది అక్టోబరులో ఆ ప్రసారాలు ఆగిపోయాయి.

పాత పెట్టెను వదిలెయ్యడమే మన మొదటి జవాబు. అది నాలుగు నెలలు కూడా నిలవలేదని గుర్తుపెట్టుకోండి.

రెండో ప్రయత్నం: నలుపు తెలుపులో దాగిన రంగులు

దీనికి మెరుగైన ఆలోచనకు బీజం అంతకు ముందే పడింది. ఫ్రాన్సు ఇంజనీరు జార్జ్ వాలెన్సీ 1938లోనే ఒక సూచన చేశాడు: రంగుల బొమ్మను రెండు భాగాలుగా విడదీయండి. ఒకటి వెలుగు ఎంత ఉందో చెప్పే భాగం. రెండోది రంగు ఏమిటో చెప్పే భాగం.

ఇందులోని తెలివి గమనించండి. వెలుగు భాగమంటే నలుపు తెలుపు బొమ్మే కదా! దాన్ని పాత పద్ధతిలోనే పంపితే పాత టీవీ ఎప్పటిలాగే చూపిస్తుంది. రంగు భాగాన్ని ఆ సంకేతంలోనే మరో తరంగం మీద ఎక్కించి పంపాలి. పాత టీవీకి ఆ తరంగం అర్థం కాదు కాబట్టి పట్టించుకోదు. కొత్త టీవీ రెండూ తీసుకుని రంగులు కడుతుంది.

వెలుగును ఎలా లెక్కిస్తారు? మన కన్ను మూడు రంగులను సమానంగా చూడదు. ఆకుపచ్చ ఎక్కువ కాంతిగా, నీలం తక్కువ కాంతిగా తోస్తుంది. అందుకే ఆకుపచ్చలో 59 వంతులు, ఎరుపులో 30 వంతులు, నీలంలో 11 వంతులు కలిపి నూటికి వెలుగు కడతారు. 1953 డిసెంబరులో అమెరికా ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి ఇదే ఆధారం. దారిలో రంగులు మారిపోవడం దాని బలహీనత. 1960ల మొదట్లో జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థలో వాల్టర్ బ్రూఖ్ ఆ లోపాన్ని సవరిస్తూ పాల్ పద్ధతిని తయారుచేశాడు. మన దేశం ఎంచుకున్నది పాల్ పద్ధతినే.

1982 ఆగస్టు 15న ఎర్రకోట వేడుకలు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఢిల్లీ ఆసియా క్రీడలు మన దేశంలో రంగుల్లో ప్రసారమయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ రోజుల్లో ఎక్కువమంది వాటిని చూసింది చెక్క తలుపులున్న నలుపు తెలుపు టీవీల్లోనే. 1987లో 'రామాయణ్' మొదలైనప్పుడు కూడా ఎన్నో ఊళ్లలో అది నలుపు తెలుపులోనే కనిపించింది. పంపింది రంగుల ప్రసారం, చూసింది పాత పెట్టె. అయినా ఎవరి ఇంట్లోనూ బొమ్మ ఆగలేదు. ఆ పెట్టెలను తలచుకుని ఎక్కడో కొందరు ఇంజనీర్లు లెక్కలు కట్టినందువల్లే ఇది సాధ్యమైంది.

ఇది రెండో జవాబు: కొత్త సంకేతాన్నే పాత పెట్టెకు అర్థమయ్యేలా తయారుచేయడం.

మూడో దారి: మధ్యలో ఒక దుబాసీ

కొన్నిసార్లు సంకేతాన్ని అలా తయారుచేయడం కుదరదు. అప్పుడు ఏం చేయాలి? ఇద్దరు వేర్వేరు భాషల వాళ్లు మాట్లాడుకోవాలంటే మధ్యలో దుబాసీ కావాలి. టెలివిజన్‌కూ అంతే. దీనికి ప్రపంచానికే చెప్పదగిన ఉదాహరణ మన దేశంలో, మన తెలుగు పల్లెల్లో ఉంది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం జరిగింది. దాన్ని పొట్టిగా సైట్ అంటారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు అందుబాటులో ఉంచింది. విక్రమ్ సారాభాయ్ కన్న కల ఇది. ఆయన 1971లో కన్నుమూశారు. అహ్మదాబాద్‌లో అంతరిక్ష ఉపయోగాల కేంద్రానికి నాయకత్వం వహించిన యశ్‌పాల్, ఆయన సహచరులు దాన్ని నిజం చేశారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు ఒకేసారి టెలివిజన్ వచ్చింది. హైదరాబాద్‌కు సొంత దూరదర్శన్ కేంద్రం రావడానికి రెండేళ్ల ముందే తెలుగు పల్లెల్లో టీవీ వెలిగిందన్నమాట. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది.

ఇక్కడి సాంకేతిక సమస్య ఏమిటో చూడండి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. అది 860 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎఫ్ఎం పద్ధతిలో వస్తుంది. మామూలు టీవీకి ఆ పద్ధతిలో వచ్చే బొమ్మను చదవడం తెలియదు. ప్రతి పల్లెకూ సరికొత్త రకం టీవీ తయారుచేయాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే మన ఇంజనీర్లు మామూలు టీవీనే తీసుకున్నారు. దానికి రెండు వస్తువులు చేర్చారు. ఒకటి, మూడు మీటర్ల వెడల్పున్న గిన్నె ఆకారపు యాంటెన్నా. దాన్ని కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేశారు. రెండోది, ఉపగ్రహ భాషను టీవీ భాషలోకి మార్చే కన్వర్టర్ పెట్టె. టీవీలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది.

ఆ ఉపగ్రహ ప్రసారంలో ఒక బొమ్మకు రెండు ధ్వని మార్గాలుండేవి. అందువల్ల అదే బొమ్మ ఒక పల్లెలో తెలుగు మాట్లాడితే, మరో పల్లెలో కన్నడం మాట్లాడేది.

ఇప్పుడు మన బీజాపూర్ సంగతి. కర్ణాటకలో సైట్ పల్లెలున్న జిల్లాల్లో బీజాపూర్ ఒకటి. అంటే ఇప్పటి విజయపుర. మధ్యప్రదేశ్‌లో ఎంపికైనవి రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ వైపు ఛత్తీస్‌గఢ్ మైదానపు పల్లెలు. బస్తర్ ఆ పట్టికలో లేదు. ఒకే పేరున్న రెండు ఊళ్లలో ఒకదానికి 1975లోనే ఉపగ్రహం నుంచి బొమ్మ దిగింది, రెండోది ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఏ కొత్త సాంకేతికత అయినా పటంలోని అన్ని ఊళ్లకూ ఒకే రోజు చేరదు. ఆలస్యంగా చేరే ఊళ్లలో పాత పరికరాలు ఎక్కువ కాలం వాడుకలో ఉంటాయి. అందుకే పాత పెట్టె ప్రశ్న అక్కడి వాళ్లకు మరింత ముఖ్యం.

ఈ దుబాసీ పద్ధతే తర్వాత ఇంటింటికీ వచ్చింది. 2004 డిసెంబరు 16న ప్రసార భారతి 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో నెలసరి చందా లేని డీటీహెచ్ సేవ మొదలుపెట్టింది. ఇప్పుడది డీడీ ఫ్రీ డిష్. టవరు అందని అడవి పల్లెల్లో కూడా ఇంటి కప్పు మీద చిన్న డిష్ పెట్టుకుంటే చాలు, సెట్‌టాప్ బాక్సు డిజిటల్ సంకేతాన్ని పాత టీవీకి అర్థమయ్యేలా మార్చి ఇస్తుంది. 2012 అక్టోబరు 31 నుంచి మహానగరాలతో మొదలై కేబుల్ ప్రసారాలు కూడా దశలవారీగా డిజిటల్ అయ్యాయి. దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లు 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. 1982 నాటి పద్ధతికి అలా తెరపడింది. కానీ బాక్సు పుణ్యమా అని ఆనాటి పెట్టెలు ఇంకా బొమ్మ చూపగలుగుతున్నాయి.

అయితే దుబాసీకి కూడా వయసవుతుంది. ఫ్రీ డిష్‌లో కొన్ని చానళ్లు ఎంపెగ్-2 పద్ధతిలో, కొన్ని ఎంపెగ్-4 పద్ధతిలో వస్తాయి. ఎంపెగ్-2 మాత్రమే తెలిసిన బాక్సుకు రెండో రకం చానళ్లు అందవు.

హెచ్‌డీఆర్ అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆమె చూసిన చిత్రం హై డైనమిక్ రేంజ్ పద్ధతిలో తయారైనది. దాన్ని పొట్టిగా హెచ్‌డీఆర్ అంటారు.

తెర వెలుగును చదరపు మీటరుకు ఇన్ని కాండెలాలు అని కొలుస్తారు. ఎండలో ఉన్న తెల్ల కాగితం సుమారు 30,000 కాండెలాల వెలుగు ఇస్తుంది. పాత గాజు గొట్టపు టీవీల కాలంలో స్టూడియోలు బొమ్మను 100 కాండెలాల తెరకు సరిపోయేలా దిద్దేవి. ఎండ, దీపం, తెల్ల చొక్కా అన్నీ ఆ 100లోనే ఇమడాలి. గాజు గొట్టాలు పోయి సన్నని తెరలు వచ్చినా చాలాకాలం ఆ కొలతే నడిచింది.

హెచ్‌డీఆర్ ఆ గోడను బద్దలు కొట్టింది. అందులో రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి.

మొదటిది పీక్యూ. డాల్బీ సంస్థలో పుట్టిన ఈ పద్ధతి 2014లో ప్రమాణంగా వచ్చింది. ఇందులో ప్రతి సంకేతానికీ ఒక కచ్చితమైన వెలుగు ఉంటుంది. గరిష్ఠం 10,000 కాండెలాలు. మన కన్ను చీకటిలో చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది, గొప్ప వెలుగులో పెద్ద తేడాను మాత్రమే గమనిస్తుంది. ఆ లెక్క ప్రకారమే సంకేతాలను పంచారు. ఇందుకు ఒక్కో రంగుకు 256 మెట్లున్న 8 బిట్లు చాలవు. 1024 మెట్లున్న 10 బిట్లు వాడతారు. 2015లో ప్రకటించిన హెచ్‌డీఆర్-10, డాల్బీ విజన్ రెండూ పీక్యూ మీదే నిలిచాయి. ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

పీక్యూలో 100 కాండెలాల తెలుపు ఎక్కడ ఉంటుందో తెలుసా? దాదాపు సరిగ్గా సగం సంకేతం దగ్గర. మిగిలిన సగం అంతకు మించిన వెలుగులకు కేటాయించారు. ఈ సంగతి తెలియని పాత టీవీకి ఆ సంకేతాన్ని ఉన్నదున్నట్టు ఇస్తే ఏమవుతుంది? పాత టీవీ దృష్టిలో తెలుపంటే పూర్తి సంకేతం. సగం సంకేతమంటే దాని సొంత లెక్కలో గరిష్ఠ వెలుగులో ఐదో వంతు మాత్రమే. కాబట్టి తెల్ల మబ్బు బూడిద రంగు మబ్బవుతుంది. పైగా హెచ్‌డీఆర్ రంగుల పరిధి పెద్దది. అందులోని అంకెలను పాత టీవీ తన చిన్న పరిధిలో చదువుకుంటే రంగులు వెలిసిపోతాయి. ఆ అమ్మాయి 'బూడిద పూసినట్టు' అన్నది. పుస్తకాలు చదవకపోయినా ఆమె కన్ను పీక్యూ వక్రరేఖను సరిగ్గానే చదివింది.

రెండో పద్ధతి హైబ్రిడ్ లాగ్ గామా. దాన్ని పొట్టిగా హెచ్ఎల్‌జీ అంటారు. బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కలిసి దీన్ని తయారుచేశాయి. 2015లో జపాన్ ప్రమాణంగా, 2016 జూలైలో పీక్యూతో పాటు అంతర్జాతీయ ప్రమాణంగా నమోదైంది. ఇందులో సంకేతపు కింది సగం పాత టీవీల వక్రరేఖను పోలి ఉంటుంది. పై సగం మాత్రం లాగరిథమ్ పద్ధతిలో ఒంగి, ఎక్కువ వెలుగులను తక్కువ చోటులో ఇముడ్చుకుంటుంది. పాత టీవీకి ఇచ్చినా చూడదగిన బొమ్మే వస్తుంది. పాత రంగుల పరిధి మాత్రమే తెలిసిన టీవీల్లో రంగులు కాస్త పాలిపోతాయి గానీ, బొమ్మ బూడిదపాలు కాదు.

ఇది మీకు ఎక్కడో విన్నట్టు అనిపించడం లేదూ? రంగును నలుపు తెలుపులో దాచిన ఆలోచనే ఇది. ఒక సినిమా సంస్థ ప్రతి ఇంటికీ వేరువేరుగా కూర్పు పంపగలదు. టవరు నుంచో ఉపగ్రహం నుంచో పంపే ప్రసార సంస్థకు ఆ వీలు లేదు. అది పంపే ఒకే సంకేతం కొత్త టీవీకీ పాత టీవీకీ పనికిరావాలి. అందుకే ఈ ఆలోచన ప్రసార సంస్థల నుంచి రావడం సహజం.

పాత స్మార్ట్ టీవీలో ఏం చేయవచ్చు?

4కే టీవీలు బజారులోకి వచ్చిన కొన్నేళ్ల తర్వాత గానీ హెచ్‌డీఆర్ రాలేదు. 2015కు ముందు కొన్న 4కే టీవీల్లో చాలావాటికి చుక్కలు ఎక్కువే, కానీ ఈ కొత్త వెలుగు భాష తెలియదు. మీ ఇంట్లోనో బడిలోనో అలాంటి టీవీ ఉంటే నాలుగు సంగతులు పరీక్షించండి.

మొదటిది, విప్పగలదా? ఇంటర్నెట్ నుంచి వచ్చే వీడియో మూటకట్టి వస్తుంది. దాన్ని విప్పే పని టీవీ లోపలి చిప్పుది. హెచ్‌డీఆర్‌కు సాధారణంగా 10 బిట్ల హెచ్ఈవీసీ, లేదా వీపీ9లో రెండో ప్రొఫైలు, లేదా ఏవీ1 తెలియాలి. చిప్పుకు పుట్టుకతో రాని విద్య తర్వాత నేర్పడం దాదాపు అసాధ్యం.

రెండోది, దారి ఉందా? బయటి పెట్టె నుంచి బొమ్మ హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వస్తుంది. 'ఇది హెచ్‌డీఆర్ బొమ్మ' అని టీవీకి చెప్పే ఏర్పాటు 2015 ఏప్రిల్‌లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0ఏ లో చేరింది. 2.0 ఉన్న కొన్ని టీవీలకు సాఫ్ట్‌వేర్ మార్పుతోనే ఇది అందింది. కాబట్టి ముందు టీవీ సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయండి. హెచ్‌డీఆర్ తెలిసిన టీవీల్లో కూడా ఒక మెలిక ఉంది. చాలావాటిలో ప్రతి హెచ్‌డీఎంఐ రంధ్రానికి ఒక సెట్టింగు ఉంటుంది. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది. అది ఆపి ఉంటే హెచ్‌డీఆర్ లోపలికి రాదు. టీవీ పాతదని తీర్మానించే ముందు ఆ సెట్టింగు చూడండి. రంధ్రం మార్చి కూడా చూడండి, కొన్ని టీవీల్లో అన్ని రంధ్రాలూ ఒక రకం కావు.

మూడోది, తాళం తీయగలదా? సినిమాలను దొంగిలించకుండా 4కే వీడియోకు హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం వేస్తారు. గొలుసులో ఏ ఒక్క పరికరానికి ఆ తాళంచెవి లేకున్నా బొమ్మ తగ్గిన స్థాయిలో వస్తుంది, లేదా అసలు రాదు.

నాలుగోది, తెరకు అంత శక్తి ఉందా? ఎక్కువ వెలుగు ఇవ్వలేని తెర హెచ్‌డీఆర్ ముద్ర ఉన్నా నిజమైన హెచ్‌డీఆర్ చూపలేదు. ఈ నాలుగో సంగతికి ఏ పెట్టె తగిలించినా మందు లేదు.

మరి ఆశ లేదా? ఉంది. ఇక్కడే మళ్లీ దుబాసీ కావాలి. పెద్ద వెలుగుల బొమ్మను చిన్న వెలుగుల తెరకు తగినట్టు కుదించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. మంచి స్ట్రీమింగ్ పెట్టె మొదట టీవీని 'నీకు ఏమేమి వచ్చు?' అని తీగ ద్వారా అడుగుతుంది. టీవీకి హెచ్‌డీఆర్ రాదని తెలిస్తే మామూలు కూర్పును తెప్పిస్తుంది, లేదా తానే కుదించి ఇస్తుంది. చవక పెట్టెలు కొన్ని ఈ పని చేయక అంకెలను ఉన్నవున్నట్టు తోసేస్తాయి. ఆశ్రమ పాఠశాలలో జరిగింది అదే.

స్మార్ట్ టీవీలో తెర ఒకటి, మెదడు ఒకటి అని కూడా గుర్తించండి. తెర బాగానే ఉండగా మెదడు ముందు ముసలిదవుతుంది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత స్మార్ట్ టీవీల్లో పనిచేయడం ఆగిపోయింది. వాటి తెరలు చెడిపోలేదు. అలాంటి టీవీకి బయటి నుంచి చిన్న మెదడు తగిలిస్తే ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. మూడు మీటర్ల ఇనుప వలతో మన పల్లెలో 1975లో చేసిన పనే, ఇప్పుడు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద వస్తువు చేస్తోంది.

ఇంకొక్క షరతు మిగిలింది, అది ఇంటర్నెట్ వేగం. 4కే వీడియోకు సెకనుకు సుమారు 15 మెగాబిట్లు నిలకడగా కావాలి. వేగం తగ్గితే వీడియో తనంతట తానే చిన్న కూర్పుకు దిగుతుంది. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లా గ్రామంలో బస్తర్ నెట్ పథకం మొదటి దశ ప్రారంభమైంది. బస్తర్ ప్రాంతపు ఏడు జిల్లాలకు ఆప్టికల్ ఫైబర్ వేయడం దాని లక్ష్యం. 1975 పట్టికలో లేని ఈ ప్రాంతం పేరు ఈసారి పథకంలోనే ఉంది. అయితే తీగ జిల్లాకు చేరడం వేరు, బడి హాల్లో టీవీ దాకా చేరడం వేరు. ఆ చివరి కొన్ని కిలోమీటర్లే మీలాంటి విద్యార్థులకు ముఖ్యం.

తిరిగి ఆ హాలుకు

ఆ రోజు ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ముందు పెట్టె సెట్టింగుల్లో బొమ్మ రకాన్ని 'ఆటోమేటిక్' చేశాం. మార్పు లేదు. తర్వాత అదే చిత్రపు మామూలు కూర్పును ఎంచుకున్నాం. ఆకులు పచ్చబడ్డాయి, మబ్బులు తెల్లబడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫోనులో ఉన్న మెరుపు మాత్రం రాలేదు. ఆ అమ్మాయి దాన్ని కూడా గమనించింది.

"అంటే సార్, మా టీవీకి ఇంతే వచ్చు. కానీ దానికి వచ్చింది మాత్రం సరిగ్గా చూపిస్తుంది."

అంతకన్నా బాగా నేను చెప్పలేను. పాత తెరను కొత్త తెరగా మార్చలేం. కానీ పాత తెరకు వచ్చినంత మేర బొమ్మను సరిగ్గా అందించడం సాధ్యమే. అది సాధ్యమయ్యేది టీవీ వల్ల కాదు, దానికి సంకేతం పంపేవాళ్లు దాన్ని గుర్తుంచుకోవడం వల్ల. ఇప్పుడు బోధన పాఠాలు కూడా టీవీల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా వస్తున్నాయి. పాఠం తయారుచేసేవాళ్లు నగరంలోని కొత్త తెరను మాత్రమే తలచుకుంటే, బీజాపూర్ పిల్లలకు నల్లబల్ల కూడా బూడిదగానే కనిపిస్తుంది.

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. కొత్త ప్రమాణాలు రాసే గదుల్లో కూర్చుంటారు. అప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు అడగాలి: ఇప్పటికే ఇళ్లలో ఉన్న పెట్టెల సంగతేమిటి? ఆ అడిగేవాళ్లు మీరే కావాలి.

ఆలోచించండి, చేసి చూడండి

1. పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ, పూర్తి నీలం కాగితాలు మూడు తీసుకోండి. 30, 59, 11 వంతుల లెక్క ప్రకారం నలుపు తెలుపు టీవీలో ఏది అన్నిటికన్నా తెల్లగా, ఏది అన్నిటికన్నా నల్లగా కనిపించాలి? ఫోను కెమెరాను నలుపు తెలుపులో పెట్టి సరిచూడండి.

2. మీ ఇంటి టీవీలో హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఎన్ని? వాటి పక్కన ఏం రాసి ఉంది? సెట్టింగుల్లో ఒక్కో రంధ్రానికి విడిగా మార్పు చేసే వీలుందా? పట్టిక తయారుచేయండి.

3. 1951 నాటి చక్రం పద్ధతిలో రంగులు బాగానే వచ్చినా అది ఎందుకు ఓడిపోయింది? మంచి యంత్రం ఓడిపోవడానికి యంత్రం బయటి కారణాలు ఏమేమి ఉండవచ్చు?

4. 1982లో మీ ఊళ్లో ఎవరి ఇంట్లో టీవీ ఉండేది? ఆసియా క్రీడలు వాళ్లు రంగుల్లో చూశారా, నలుపు తెలుపులోనా? పెద్దలను అడిగి ఒక పేజీ రాయండి. అది కూడా చరిత్రే.